లాకు పడిన చప్పుడు

అరవై నాలుగో కత్తి. ఆమె పిడిని ఎడమ అరచేతిలో ఇముడ్చుకుని, తోలు తొడుగు వేసుకున్న కుడి బొటనవేలితో అలుగును పైకి తోసింది. మడిచి ఉన్న అలుగు తిరిగి తిన్నగా నిలబడింది. పిడి లోపల ఉన్న పలచని ఉక్కు రేకు పక్కకి జరిగి, అలుగు మడమ, అంటే పిడి వైపు కొస, వెనక అడ్డంగా ఆగింది. మడత కత్తికి లాకంటే అంతే. ఆ రేకు అక్కడున్నంతసేపూ అలుగు వెనక్కి మడుచుకోదు. వేలితో రేకును పక్కకి నెడితేనే మడుచుకుంటుంది. రేకు అంచు మడమ మీదికి మూడో వంతు ఎక్కాలి. ఎక్కువైతే ఇరుక్కుని ఊడిరాదు. తక్కువైతే కోస్తుండగా జారిపోతుంది. అప్పుడు అలుగు వేళ్ల మీదికే మడుచుకుంటుంది.

సరిగ్గా పడిన లాకు 'టక్' మంటుంది. సగం పడింది నీరసంగా 'టిక్' మంటుంది. ఆ తేడా ఆమెలా పట్టగలవాళ్లు ఆ కార్ఖానాలో లేరు. ఇరవై రెండేళ్లుగా కిటికీ పక్కన అదే బల్ల, అదే పని. అందుకే అందరికీ టక్కక్క అయింది. "టక్కులమారి అక్క అని కాదులే, కోప్పడకు" అని ఆ పేరు పెట్టిన ప్యాకింగామె ఆనాడే నవ్వింది.

అరవై నాలుగో కత్తి టక్ అందో టిక్ అందో ఆమెకు తెలియలేదు.

దాన్ని దీపం కిందికి వంచి రేకు ఎక్కడాగిందో చూసింది. అలుగు వీపును చెక్కదిమ్మకు ఆనించి మూడుసార్లు గట్టిగా నొక్కింది. నిలిచింది. ట్రేలో పెట్టింది. మూడు నెలలుగా చెవి చేయాల్సిన పని కళ్లతో చేయిస్తోంది. మొదట కుడి చెవిలో దూది కుక్కినట్టుండేది. తర్వాత ఎడమదీ దానికి తోడైంది. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. పనిలో పడితే టక్కక్కకి లోకం పట్టదని మెచ్చుకునేవారు. ఆ మెప్పుకు ఆమెకు ముచ్చెమటలు పోసేవి.

నిన్న మధ్యాహ్నం ఒక కత్తిని దిమ్మకు నొక్కినప్పుడు అలుగు వెంట్రుకవాసి కదిలినట్టనిపించింది. మళ్లీ నొక్కేలోపు ఎవరో భుజం తట్టారు. ఉలిక్కిపడింది. టీ వచ్చిందని చెప్పడానికొచ్చిన ప్యాకింగామె. ఆ కంగారులో చేతిలోది ట్రేలో పెట్టేసింది. ఇంటికెళ్లి చెప్పులు విప్పుతుండగా అది గుర్తొచ్చింది.

నిన్నటివి రెండు వందలు, నాలుగు పెట్టెలు. నాలుగింటికి వ్యాను వస్తుంది. తోటల్లో మొక్కలకు అంట్లు కట్టేవాళ్ల కోసం చేసిన కత్తులవి.

ఆమె భర్తా అంట్లు కట్టేవాడే. పెళ్లయిన రెండో ఏడు, లాకు లేని కత్తొకటి అతని చేతిలో మడుచుకుంది. అతని చూపుడువేలు రెండో కణుపు దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. కానీ చొక్కా బొత్తాలకోసం అతని మధ్యవేలు తడుముకోవడం ఆమె రోజూ చూస్తుంది. ఇవాళ పొద్దున గుమ్మంలో అతనేదో అన్నాడు. ఊఁ కొట్టింది. అతను దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి, "గొడుగు పట్టుకెళ్లమన్నా. ఇది నాలుగోసారి" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే ఆమెను బెదరగొట్టింది.

మధ్యాహ్నంలోపు రెండుసార్లు ప్యాకింగు గదికి వెళ్లొచ్చింది. మూడోసారి వెళ్లేసరికి ప్యాకింగామె టేపు పక్కన పెట్టి, ఆమె కళ్లలోకి చూస్తూ అడిగింది.

"ఏంటక్కా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?"

"నిన్నటి పెట్టెలు తెరవాలి."

"టేపు వేసేశాగా! మేస్త్రీ ఎందుకంటే ఏం చెప్పను?"

"నేను చెప్తాలే."

మేస్త్రీ ఆమెకన్నా పదేళ్లు చిన్న. అతను లెక్కపెడుతున్న స్ప్రింగులు పూర్తయ్యేదాకా ఆగింది.

"నిన్నటి రెండొందలూ మళ్లీ చూడాలి."

"ఎందుకక్కా?"

"నాకు వినిపించట్లేదు. మూడు నెలలైంది."

అతను స్ప్రింగుల డబ్బా పక్కన పెట్టాడు. తర్వాత ఏదో అన్నాడు. ఆమెకు అందలేదు. అది చూసి అతనే లేచి, వెళ్లి టేపు కోశాడు.

బల్లకు అటు అతను, ఇటు ఆమె. ఆమె తెరుస్తుంది, అతను వింటాడు, ఆమె నొక్కుతుంది. రెండు పెట్టెల్లో అన్నీ నిలిచాయి. తను ఊరికే అల్లరిపాలయ్యానా అన్న కొత్త బెంగ మొదలైంది. మూడో పెట్టెలో పంతొమ్మిదోది తెరవగానే అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె అలుగు వీపును దిమ్మకు ఆనించి నొక్కింది. రేకు జారింది. అలుగు గిర్రున మడుచుకుని పిడిలోకి వచ్చిపడింది. అప్పటికే వేళ్లు తప్పించింది కాబట్టి సరిపోయింది.

మిగతావన్నీ మంచివే.

"ఒక్కటేగా అక్కా. దొరికింది. ఇంకేం భయం లేదు" అన్నాడతను, ప్రతి మాటా విడదీసి, గట్టిగా.

"మరి అంతకుముందువి?"

మూడు నెలల కత్తులు ఎన్ని దుకాణాలకు వెళ్లాయో, ఎన్ని చేతుల్లో ఉన్నాయో. మేస్త్రీ ఫోను దగ్గరికి లాక్కుని మొదటి దుకాణానికి డయల్ చేశాడు. ఆమె అతని పెదవులనే చూస్తూ నిలబడింది. 'వెనక్కి పంపండి' అన్న మాట మాత్రం పోల్చుకోగలిగింది.

సాయంత్రం అతను ఆమె దగ్గరికొచ్చాడు. "రేపట్నించి ప్యాకింగులో కూర్చో. అక్కడ చెవితో పనిలేదు."

"వద్దులే. అక్కడ కూర్చున్నా ఇటే చూస్తుంటా. ఎవరికీ పని సాగదు."

"ఇంట్లో ఏం చేస్తావ్?"

"ముందు ఆయనకు చెప్పాలి. ఆయనకెప్పుడో తెలిసిపోయిందనుకో."

ప్యాకింగామె గేటు దాకా వెంట వచ్చింది. ఏవేవో మాట్లాడుతూనే ఉంది. టక్కక్క అన్నిటికీ తలూపి, ఆమె చేయి ఒకసారి నొక్కి వదిలేసి, వీధిలోకి నడిచింది. వ్యాను దారి ఇమ్మని హారను కొట్టింది. డ్రైవరు రెండోసారి కొట్టాక గానీ టక్కక్క పక్కకి తప్పుకోలేదు.

దీపాలు తీసే ముందు మేస్త్రీ కిటికీ పక్క బల్ల దగ్గర ఆగాడు. బొటనవేలికి ఆమె తొడుక్కునే తోలు తొడుగు అక్కడే ఉండిపోయింది. కొస దగ్గర నల్లగా నిగ్గుదేలి, లోపల వేలు లేకపోయినా, ఇంకా ఏదో నొక్కుతున్నట్టు కాస్త ముందుకు వంగి ఉంది.