బొడ్డు చుట్టూ పద్నాలుగు

రొంపిచెర్ల మాదిగపల్లెలో రాఘవమ్మను కుక్క కరిచింది. పిచ్చికుక్కే, మర్నాడు అది చచ్చింది కూడా. అయినా ఆమె పిక్కకు పసుపు రాసుకుని, గడపలో కూర్చుని తాపీగా వక్క నములుతోంది. చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

అది ఎనభై ఆరో సంవత్సరం. పల్నాడులో హిజ్రాలు ఆసుపత్రికి ఎందుకు పోరో కనుక్కురమ్మని మా సేవాసంస్థ నన్ను ఊళ్ళమీద తిప్పుతోంది. రాఘవమ్మ హిజ్రా. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు మాదిగపల్లె వాళ్ళను అరుగు కిందే నిలబెట్టి జబ్బకు సూది పొడుస్తాడు. ఈమెకు అదీ లేదు, దూరం నుంచే మాత్రలిచ్చి పంపుతాడు. కుక్కకాటుకు మాత్రలు పనికిరావు. పెద్దాసుపత్రికి పోయి, రోజుకొకటి చొప్పున బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకోవాల్సిందే.

"పొట్ట చూపియ్యాలిగా?" అంది రాఘవమ్మ. "ఆడోళ్ళ గదిలోకి నన్ను రానియ్యరు. మొగోళ్ళ ముందు చీర తొలగిస్తే ఈలలేస్తారు. దానికంటే చావడం నయం, అమ్మాయ్."

"చస్తే చావుగానీ, చచ్చేముందు మొరుగుతావంట, తెలుసా?" అన్నాను. నా నోరు అంతే. ఆమె కిసుక్కున నవ్వి, లేచి చెప్పులేసుకుంది.

ఆసుపత్రిలో ఆమె భయపడినంతా అయింది. కాంపౌండరు ఆమెను ఎగాదిగా చూసి మగవాళ్ళ గదివైపు వేలు చూపించాడు. అక్కడ బెంచీమీది కుర్రాళ్ళు అప్పుడే మోచేతులతో పొడుచుకుంటున్నారు. రాఘవమ్మ వెనక్కి తిరిగింది. నేను ఆమె చెయ్యి వదలకుండా కాంపౌండరుతో గొడవకు దిగాను. నా చదువు, మా సంస్థ పేరు, తెలిసిన ఆఫీసర్ల పేర్లు ఏకరువు పెట్టాను. అతను చెవిలో పుల్ల తిప్పుకుంటూ విన్నాడు.

ఇంతలో ఆడవాళ్ళ గది తెర తొలగించి ఒక ముసలమ్మ తల బయటపెట్టింది. గాజులమ్ముకునే ఖాతూన్ బీ. ఆమెకూ కుక్కకాటే, సగం సూదులయ్యాయి.

"ఏందయ్యా నీ గోల?" అని కాంపౌండరు మీద లేచింది. "కుక్క ఆడో మొగో అడిగి కరిసిందా? నువ్వు ఇటు రావే, అమ్మా. ఇక్కడ అందరివీ వాచిన పొట్టలే."

లోపల ఆడవాళ్ళు బెంచీమీద జరిగి చోటిచ్చారు. నర్సు సిరంజిలో మందెక్కించింది.

ఆనాటి నుంచి రోజూ నేనే బస్సెక్కించి తీసుకెళ్ళాను. ఒకరోజు మాత్రం గుంటూరులో మీటింగు తప్పలేదు. నేను లేకపోతే ఈమె రాదు, ఒక్క సూది తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. మీటింగులో ఏం మాట్లాడారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మధ్యలోనే లేచి బస్సెక్కాను, దిగి పరుగున ఆసుపత్రికి పోయి తెర తీశాను.

రాఘవమ్మ బెంచీమీదే ఉంది. పక్కన కారంపూడి నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, పమిట గుప్పిట్లో బిగించి ఏడుస్తోంది.

"ఇందరం చూపిస్తున్నాం గదే, నీకేంది సిగ్గు?" అంటోంది రాఘవమ్మ. "కళ్ళు మూసుకో. నా చెయ్యి పట్టుకో, గట్టిగా."

ఆ పిల్ల రాఘవమ్మ భుజంలో మొహం దాచుకుని పమిట వదిలింది. నర్సు సూది వేసింది. అప్పుడు రాఘవమ్మ నన్ను చూసింది.

"నువ్వెందుకొచ్చావు, అమ్మాయ్? నిన్నుగూడా కరిసిందా?"

గదంతా నవ్వు. లేదని చెప్పి, తెర వేసి, బయట బల్లమీద కూలబడ్డాను. ఆ పూట నాతో ఎవరికీ పని లేదు. ఉద్యోగంలో చేరాక అంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు.