చెయ్యాడించడం

“కాస్త సెయ్యాడించవే, బస్సెల్లిపోతాది!”

మా ఆయన ఆనందకుమార్ బూట్ల లేసులు కట్టుకుంటూ హాల్లోంచి కేకేస్తాడు. ఉక్కునగరంలో మా క్వార్టర్ గోడలకి కూడా ఈ మాట కంఠతా వచ్చి ఉంటుంది. చెయ్యాడించడమంటే మా ఇంట్లో పని తొందరగా తెమల్చడం. ఏ షిఫ్టయినా అతని క్యారేజీ సిద్ధంగా ఉండాలి, అత్తగారికి వేడినీళ్ళు కాగాలి, ఆ తర్వాత నేను బడికి పరుగెత్తాలి. పోయిన క్రిస్మస్‌కి ఆడపడుచు వస్తుందని స్టూలెక్కి ఫ్యాను తుడుస్తూ పడ్డాను. కుడి భుజం విరిగింది. “సూసుకుని ఎక్కొద్దా?” అన్నాడు మా ఆయన. ఆ ఫ్యాను నేనే ఎందుకు తుడవాలో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆపరేషన్ అక్కర్లేదు, కదలకుండా ఉంటే ఎముక దానంతటదే అతుక్కుంటుందన్నారు డాక్టర్ అనూరాధ. చెయ్యి మెళ్ళో పట్టీకి వేలాడేసుకుని కొన్నాళ్ళు తిరిగాను. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడ నన్ను నిలబెట్టి, నడుం వంచమని, చేతిని వదులుగా వేలాడేయించి, “ఇలా మెల్లగా చెయ్యి ఆడిస్తూ ఉండండి” అన్నారు. ఇంటికొచ్చాక మా ఆయన ఆ మాటనే శుభవార్తలా మోసుకెళ్ళి వాళ్ళమ్మ ఆరోగ్యమ్మకి చెప్పాడు.

“అమ్మా, డాక్టరు సెయ్యాడించమన్నాది.”

“పని కాదు అత్తయ్యా, ఖాళీ చెయ్యి ఊపమన్నారు, అంతే” అన్నాను.

“ఉత్తి సెయ్యి ఊపితే ఏటొస్తాదే? అదేదో అంట్ల మీద ఆడిత్తే ఇల్లూ తెమల్తాది, నీ సెయ్యీ బాగవుతాది.”

రెండుసార్లు చెప్పి చూశాను. మూడోసారి చెప్పడం కన్నా నాలుగు గిన్నెలు తోమడమే తేలికనిపించింది. నొప్పిగా ఉందంటే “ఎక్సర్‌సైజన్నాక నొప్పెట్టదా మరి?” అన్నాడు మా ఆయన. బళ్ళో బోర్డు మీద రాయడానికి చెయ్యి లేవకపోతే ప్రిన్సిపాల్ జాలిపడి, తేలికపని అని చంటిపిల్లల క్లాసుకి మార్చారు. చంటిపిల్లల్ని ఎత్తుకోవాలని ఆయనకి తోచలేదు పాపం. తల దువ్వుకోలేను. పక్కకి తిరిగి పడుకుంటే భుజంలో ఏదో టక్కుమంటుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలియదు. వంటింటికీ హాలుకీ మధ్య ఊరికే తిరుగుతాను. విరిగిన ఎముక ఇన్ని నెలలైనా లోపల కదులుతూనే ఉందని భయం. ఆ భయం ఎవరికి చెప్పినా ముందు ఇంట్లో పని మాటే వస్తుంది.

ఈరోజు తీసిన ఎక్స్‌రేలో నా భయమే నిజమని తేలింది. డాక్టర్ దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చాలాసేపు చూశారు.

“అతకలేదమ్మా. నేను చెప్పినట్టే చెయ్యి ఆడించారా?”

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. “బాగా ఆడించింది మేడమ్. నానే దగ్గరుండి ఆడించాను.”

“ఎలా ఆడించారో ఒకసారి చూపించండి” అన్నారావిడ నాతో.

లేచి నిలబడ్డాను. లేని దుప్పటిని గాల్లో మెలితిప్పి పిండాను. బకెట్టెత్తాను. మాడిన గిన్నె అడుగు గీకాను. వంగి అత్తగారి మోకాళ్ళకి నూనె మర్దన చేశాను. నర్సు మొదట నవ్వబోయి ఆగిపోయింది.

“చాలమ్మా. ఆపండి” అన్నారు డాక్టర్.

“మామూలు ఇంటి పన్లే గదా మేడమ్” అన్నాడు మా ఆయన.

ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. తుంటి దగ్గర కాస్త ఎముక తీసి భుజంలో పెట్టి ప్లేటు వెయ్యాలనీ, ఇదీ అతక్కపోతే ఇక కీలే మార్చాలనీ నాకు చెప్పారు. తాను చెప్పేదాకా ఆ చేత్తో ఏ బరువూ ఎత్తకూడదన్నారు. “ఆపరేషనయ్యాక ఇంట్లో చూసుకునేవాళ్ళున్నారా?”

“ఎందుకు లేరు మేడమ్?” అన్నాడు మా ఆయన ధీమాగా. “మాయమ్మయితే మోకాళ్ళ నొప్పులతో కదల్లేదు గానీ, ఇంట్లో ఈవిడుంది గదా. ఈవిడ సూసుకుంటాది.”

తానేమన్నాడో అతనికింకా తెలియలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే కోపమొచ్చింది. అతను అబద్ధమాడలేదు, నన్ను తిట్టనూ లేదు. ఆపరేషనయిన నన్ను చూసుకోవడం కూడా నా పనేనని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఆ ఇంట్లో జబ్బుపడటానికి నాకు చోటు లేదు. ఈసారి కూడా అక్కడికే వెళితే ఈ చెయ్యి ఇక నాది కాదు.

“డాక్టరుగారూ, ఆపరేషన్ చెయ్యండి. కానీ నన్ను ఆ ఇంటికి డిశ్చార్జి చెయ్యకండి. కంచరపాలెంలో మా అక్క ఉంది, అక్కడికి వెళతాను” అన్నాను.

మా ఆయన నావైపు తిరిగాడు. “ఏటే ఇది? ఎన్నాళ్ళు? మళ్ళీ ఎప్పుడొస్తావ్?”

“ముందు ఎముక అతకనివ్వండి” అన్నాను. “వచ్చేదీ రానిదీ అప్పుడు చెబుతాను.”