వంటగది మెడలో కార్డు

వంటగది తలుపు తీసేసరికి హైమకి ఎదురుగా గోడ కనబడుతుంది. వంటగదిని ఎవరో ఎత్తుకుపోయారు.

ఆమె కేక పెట్టదు. బీమా కంపెనీలో క్లెయిములు చూసే ఉద్యోగం ఆమెది. కొట్టు కాలిపోయిందని ఎవరైనా రాస్తే, కాలిందా, కాల్చారా అని కూపీ లాగడం ఆమె పని. కాబట్టి ముందు గోడ మీద వేలు పెట్టి చూస్తుంది. రంగు ఆరిపోయి ఉంది. అంటే కంగారుగా చేసిన పని కాదు. వీధి తలుపుకి లోపలి గొళ్ళెం వేసినట్టే ఉంది. అంటే బయటివాళ్ళ పని కూడా కాకపోవచ్చు.

"ఏవండీ, వంటగది పోయింది."

భర్త చలపతి హైస్కూల్లో సోషల్ మాస్టారు. అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. దువ్వెన ఆగదు.

"అలాగా. అయితే టిఫిన్ దార్లో తినేస్తాలే."

"ఎలా పోయిందని అడగరేం?"

"నువ్వు కనిపెడతావుగా. నీ ఉద్యోగమే అదాయె."

మనిషి మరీ నిమ్మళంగా ఉన్నాడు. ఆ సంగతి హైమ మనసులో ఓ మూల దాచుకుంటుంది.

అంతలో ఫోన్ మోగుతుంది. ఆఫీసు నుంచి బిందు. హైమ ఇంటి నుంచి పని చేయడం మొదలుపెట్టాక ఆఫీసు కబుర్లన్నీ చేరవేసేది ఆ పిల్లే.

"అక్కా, మీ వంటగది ఇక్కడికొచ్చిందేంటి? జిరాక్స్ మిషన్ పక్కన దిగబడి ఉంది. కుక్కర్ ఒకటే కూతలు. కట్టేయమంటావా?"

"లోపల ఏముంది?"

"కందిపప్పనుకుంటాను."

"అయితే ఇంకో కూత రానియ్."

సీతమ్మధారలో ఆటో ఎక్కి మధురవాడ కొండ మీద ఉన్న ఆఫీసులో దిగుతుంది హైమ. ఆమె ఇక్కడ అడుగు పెట్టి ఏళ్ళయింది. వంటగది నిజంగానే జిరాక్స్ మిషన్ పక్కన ఉంది. ఇంట్లో ఉన్నప్పటికంటే కాస్త వెడల్పయింది కూడా. ఎవరో అప్పుడే టీలోకి అల్లం దంచుతున్నారు. మిగతావాళ్ళు కప్పులు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

ఆమె తిన్నగా గేటు దగ్గర కాపలా ఉండే అప్పన్న దగ్గరికి వెళ్తుంది.

"దీన్ని లోపలికి ఎవరు రానిచ్చారు?"

"నేనే మేడమ్. మెడలో కార్డుంది. కార్డుంటే పంపేయమని ఆర్డరు."

"వంటగదికి మెడెక్కడిదయ్యా?"

"అది నేనడగలేదు మేడమ్. కార్డు మీద ఫోటో మీదే. మొహం కూడా కలిసింది."

ఆమె ఆఫీసు కార్డు బీరువాలో చీరల అడుగున ఉండాలి. అక్కడ చేయి పెట్టగలిగినవాళ్ళు ఎందరుంటారు? హైమ ఆలోచనలో ఉండగానే మేనేజరు ఆదిశేషు మూతి తుడుచుకుంటూ వస్తాడు. అందరూ మళ్ళీ ఆఫీసుకి రావాలని కొన్నాళ్ళుగా పోరుతున్నది ఆయనే.

"హైమగారూ, గాలీ వెలుతురూ ఉన్న వంటగదండీ. మంచి పని చేశారు."

"నేను చెయ్యలేదు సార్. ఇది నా ఇల్లు. దొంగతనం జరిగింది."

"ఇల్లు కాదండీ, ఇంట్లో కొంత. ఆ తేడా చూడాలి మరి. ఇంటి నుంచి పని చేయడానికి మీకిచ్చిన అనుమతి ఇల్లున్నంతవరకే. ఇల్లంతా ఇటొచ్చేస్తే మీరూ వచ్చేసినట్టే లెక్క."

వంటగది పోతే హోటలుంది. ఆ అనుమతి పోతే మరొకటి లేదు. తన గది, తన తలుపు. ఆ తలుపు వేసుకుంటే బస్సులో నలగక్కర్లేదు, ఎవరి పుట్టినరోజు కేకూ మొహమాటానికి తినక్కర్లేదు, ఎవరి చూపూ వీపు మీద ఉండదు. అబద్ధాల ఫైళ్ళూ తనూ. ఈ లోకంలో ఆమె గట్టిగా కోరుకున్నది ఆ గదినే. ఇప్పుడు ఎవరో దాని మీద కన్నేశారు.

తర్వాత బాల్కనీ పోతుంది, ఆరేసిన బట్టలతో సహా. అది లిఫ్టు పక్కన తేలుతుంది. సిగరెట్లు తాగేవాళ్ళు చీరల చాటున చేరతారు. ఆ తర్వాత పడగ్గది పోతుంది. అది మీటింగ్ హాల్లో సరిగ్గా ఇమిడింది. ఇప్పుడు మీటింగులకి జనం మంచం అంచున వరసగా కూర్చుంటారు. తలగడ ఎవరి ఒళ్ళో ఉంటే మాట్లాడే వంతు వాళ్ళది. చలపతి పడుకోవడానికి స్కూటర్ వేసుకుని అక్కడికే వెళ్తాడు. అప్పన్న అతనికి విజిటర్ చీటీ రాసిస్తాడు.

ఇంట్లో హాలూ, హైమ పనిచేసుకునే గదీ మిగులుతాయి. పోయిన గదుల చోటు ఖాళీగా ఉండదు; గోడలు జరిగి దగ్గరవుతాయి. వెనక ఫ్లాట్ వాళ్ళు చారులోకి ఉప్పు అడిగితే హైమకి చెవి దగ్గర అడిగినట్టే ఉంటుంది.

ఆమె చలపతిని వదలదు. చెప్పుల అంచుకి ఎర్రమట్టి. సీతమ్మధారలో ఎర్రమట్టి లేదు, కొండ మీద ఉంది. స్కూటర్ మీద కాళ్ళు పెట్టుకునే చోట కరివేపాకు రెబ్బ.

"ఇదేంటి?"

"ఏ చెట్టు కిందో పెట్టుంటాను."

"మీ స్కూల్లో కరివేపాకు చెట్టు లేదు."

"లేదా? అయితే నాటిద్దాంలే."

కానీ ఆమె వృత్తిలో మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. లాభం ఎవరికి? చలపతికి హోటల్ ఇడ్లీతో గుండెల్లో మంట. పరాయివాళ్ళు నలిపిన దుప్పటి మీద పడక. అతనికి మిగిలింది నష్టమే. లాభపడేవాడు ఒక్కడే కనిపిస్తున్నాడు. హైమ ఆదిశేషు గదిలోకి వెళ్ళి తలుపు మూస్తుంది.

"సార్, నా గదులు ఎవరిచేత ఎత్తిస్తున్నారు?"

"నేనా?" ఆదిశేషు కుర్చీలోంచి సగం లేస్తాడు. "మీ వంటగదొచ్చాక ఒక్క ఫైలు కదిలితే ఒట్టు. పక్కన పోపు వేగుతుంటే ఎవడండీ పని చేసేది? మధ్యాహ్నమైతే మీ మంచం మీద వంతులేసుకుని కునుకు తీస్తున్నారు. ఆఫీసు నాశనమైపోతోంది. నిజం చెప్పమంటారా? నా అనుమానం మీ మీదే."

"నా మీదా?"

"ఆఫీసు మొత్తాన్ని మీ ఇల్లు చేసేస్తారు. చేసి, ఇంటి నుంచే పని చేస్తున్నానంటారు. ఆ మాట నేనెలా కాదనగలను?"

హైమ వెతికి చూస్తుంది. ఆ వాదనలో ఒక్క కన్నం కూడా దొరకదు. తన కేసుల్లో ఇంత గట్టి నేరారోపణ తనెప్పుడూ రాయలేదు. బయటికొచ్చి తన అరచేతులు వాసన చూసుకుంటుంది, సున్నం వాసన ఏమైనా వస్తుందేమోనని. కొబ్బరినూనె వాసనే వస్తుంది. ఊపిరి పీల్చుకుంటుంది, పూర్తిగా కాదు.

మర్నాడు హాలు కూడా పోతుంది.

ఇక మిగిలింది తన గది. దొంగ దీని కోసం వచ్చి తీరాలి. వచ్చినప్పుడు ఆమె లోపలే ఉండాలి. హైమ గదిలోకి వెళ్ళి గడియ పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని మీటింగ్‌లో కూర్చుంటుంది. కాలిపోయిన పచ్చళ్ళ గోదాము గురించి మాట్లాడుతుండగా గది ఓ పక్కకి ఒరుగుతుంది, స్టాండు తీసిన బండిలా. తర్వాత సన్నగా అదరడం మొదలవుతుంది.

ఆమె కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి నడుస్తుంది. వెనక తన గొంతు గోదాము గురించి మాట్లాడుతూనే ఉంది. మెల్లగా దూరమవుతోంది, కానీ ఒక్క ముక్క తప్పు పోవడం లేదు. పని ఆగలేదు కదా అని ఊరట పడి, వెనక్కి తిరగదు.

కిటికీ బయట హనుమంతవాక జంక్షన్. ఎర్ర లైటు పడింది. గది ఆగుతుంది. పక్కన ఆగిన బస్సులోంచి ఒకావిడ తొంగి చూసి, "ఎంతకిచ్చారమ్మా అద్దెకి?" అని అడుగుతుంది.

"ఇంకా తేలలేదండీ," అంటుంది హైమ.

కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే, ముందువైపు స్కూటర్ మీద హెల్మెట్ కనిపిస్తుంది. దాని కింద నీలం గళ్ళ చొక్కా కాలరు. ఆ మడత ఆమె ఇస్త్రీ చేసిందే. చీరల అడుగున కార్డు తీసిన చేయి ఎవరిదో ఇక తేలిపోయింది. అయినా ఆమె పిలవదు. మనిషి దొరికితే సరిపోదు; ఎందుకు చేశాడో అతని నోటితో రావాలి. పచ్చ లైటు పడుతుంది.

గది నేలకి ఆనాక హైమ గడియ తీస్తుంది. బయట ఆఫీసు వరండా. వెనక్కి చూస్తే బల్ల వచ్చింది, దీపం వచ్చింది, కుర్చీ ఒక్కటే రాలేదు. వరండా చివర తన ఇంటి వీధి తలుపు, మీద ఇద్దరి పేర్లున్న పలక. లోపల గదులన్నీ కలుసుకున్న చప్పుడు. ఇల్లు మొత్తం వచ్చేసింది.

బిందు లాప్‌టాప్ ఎత్తుకుని పరిగెత్తుకొస్తుంది.

"అక్కా! నువ్విక్కడేంటి? మీటింగ్‌లో ఉన్నావు కదా! ఇప్పుడే నన్ను తిట్టావు కూడా."

తెర మీద హైమ మాట్లాడుతోంది. ఆమె చుట్టూ గోడల్లేవు. సీతమ్మధారలో, మూడో అంతస్తు ఎత్తున, గాలిలో కుర్చీ, కుర్చీలో తను. జుట్టు కాస్త ఎగురుతోంది.

"ఎందుకు తిట్టాను?"

"ఫోటోలు సరిగ్గా చూళ్ళేదని."

"చూశావా?"

"లేదక్కా."

"అయితే తిట్టనియ్."

హైమ వీధి తలుపు ముందుకి వెళ్తుంది. బెల్లు ఎక్కడుందో వేలికి గుర్తు లేదు. కాసేపు తడిమి నొక్కుతుంది. లోపల అడుగులు. తలుపు తెరుచుకుంటుంది. చలపతి జుట్టు హెల్మెట్ కింద అణిగిపోయి ఉంది. చేతిలో మంచినీళ్ళ గ్లాసు.

"మీరేనా?" అంటుంది హైమ.

"నేనే హైమా. ఎవరినీ బలవంతం పెట్టలేదు. వంటగదిని స్కూటర్ ముందు నిలబెట్టుకుని తెచ్చాను, పసిపిల్లల్ని నిలబెట్టుకున్నట్టే. బుద్ధిగా నిలబడింది. బాల్కనీయే సముద్రం చూస్తానని మారాం చేస్తే బీచ్ రోడ్డు మీదుగా తిప్పాను. పడగ్గది దారంతా నిద్రపోయింది, జారిపోతుందేమోనని ఒక చేత్తో పట్టుకునే బండి నడిపాను. ఎందుకంటావా? నువ్వు ఆఫీసుకెళ్ళే రోజుల్లో సాయంత్రం బెల్లు మోగేది. తలుపు తీసి మంచినీళ్ళిచ్చేవాణ్ణి. నువ్వు గుమ్మంలోనే సగం తాగి, ఆ రోజు ఎవడెంత చక్కగా అబద్ధమాడాడో చెప్పేదానివి. ఇంటి నుంచి పని మొదలుపెట్టాక నువ్వు ఇంట్లోనే ఉన్నావు, ఇంటికి మాత్రం రాలేదు. బయట నుంచి వచ్చినవాళ్ళకే కదా మనం నీళ్ళిస్తాం, లోపలున్న మనిషికి ఏమని ఇవ్వను? గ్లాసు నింపుకుని నీ తలుపు ముందు నిలబడి, నిలబడి, మొక్కలకి పోసేవాణ్ణి. ఇల్లే ఇక్కడుంటే నువ్వు పని ముగించుకుని బెల్లు కొట్టక తప్పదనుకున్నాను. ఒక్క కుర్చీ దగ్గరే నాకు చేతకాలేదు. పైకప్పు డబ్బా మూతలా తీసి, కాస్త లేవమని అడిగాను, చెవులకి హెడ్‌ఫోన్ ఉంది కాబట్టి నీకు వినబడలేదేమో. నువ్వు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళావు. కుర్చీలో ఉన్న ఆవిడ లేవలేదు. తల తిప్పకుండా ఒక్క నిమిషం అని వేలు చూపించింది. నాకు అలవాటైన వేలే. అందుకని ఆవిడ చుట్టూ గోడలు తీసుకుని, కింద నేల కూడా మెల్లిగా లాగేశాను. పడలేదు. సందు మలుపు తిరుగుతూ చూస్తే ఆకాశంలో ఆ వేలు ఇంకా ఎత్తే ఉంది, దాని మీద కాకి గూడు కట్టుకుంటోంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ నిమిషం అయ్యేదాకా ఆగకుండా వచ్చేశాను హైమా. నేను చేసిన నేరం అదీ."