మళ్ళీ రమ్మనని భోజనం

పెనుకొండ బస్టాండు పక్కన, అంజనప్ప హోటల్లో ఒక్కో బల్ల మీదున్న, భోజనానికి బల్లలు బుక్ చేసే ‘పంక్తి’ యాప్ స్టాండుకు అంటిన సాంబారు మరకల్ని నీలావతి తడిగుడ్డతో తుడుస్తోంది. ఆమె ఉద్యోగం పేరు ప్రొడక్ట్ డిజైనర్. హిందూపురంలో బట్టలకొట్టు మీద ఒంటిగది ఆఫీసు. డిజైన్లు గీయడం, స్టాండ్లు తుడవడం, తిట్లు తినడం అన్నీ ఆమె పనులే.

యాప్‌లో ఒకసారి బుక్ చేసినవాళ్లు రెండోసారి రావడం లేదు. ధర్మవరంలో పెళ్లిపట్టు కొని, భోంచేసి పోయినవాళ్లు మళ్ళీ రావాలంటే ఇంట్లో ఇంకో పెళ్లి కుదరాలి. వచ్చినవాళ్లు మళ్ళీ వచ్చేలా చేయకపోతే ఆఫీసు ఎత్తేస్తామని బెంగుళూరు నుంచి యజమాని శ్రీకాంత్ చెప్పాడు. అందుకే రంగులు మార్చి మార్చి ఆమె ఒక మెసేజ్ తయారుచేసింది. ‘మీ బల్ల మీకోసం ఎదురుచూస్తోంది. ఇంటిల్లిపాదీ మళ్ళీ రండి!’ తిని వెళ్లిన వారానికి అది ఫోన్లో మోగుతుంది. మళ్ళీ వచ్చేవాళ్ల నంబరు కాస్త పెరిగింది కూడా.

చివరి బల్ల మీద స్టాండు బోర్లా పడుంది. నిలబెట్టింది. అంజనప్ప వచ్చి మళ్ళీ బోర్లించాడు.

“దీన్ని తీస్కపో పాపా. నాకొద్దు.”

“ఏమైంది మామా?”

“ఈరక్క మొగుడు సచ్చిపోతే పోయిన వారం మా మేడ మీదనే దివసం భోజనాలు పెట్టినారు. ఆయమ్మ మనవడు మీ యాప్‌లోనే బుక్ చేసినాడు. నిన్న వానికేం పంపినారో తెల్సునా?”

నీలావతికి తెలుసు. అక్షరం అక్షరం తెలుసు.

“ఆయమ్మ చిన్నకొడుకు ఆస్పత్రిలో ఉండాడు. ఇంటిల్లిపాదీ మళ్ళీ దివసానికి రమ్మంటాండారా? అప్పట్నుంచి ముసలామె ముద్ద ముట్టలేదంట.”

చావింటికి పోయినవాళ్లు తిరిగిపోయేటప్పుడు ‘పోయొస్తాం’ అని చెప్పరు. ఇంటివాళ్లు మళ్ళీ రమ్మనరు. నాయన పోయినప్పుడు, చెప్పకుండా గడప దాటిన చుట్టాల వీపుల్ని నీలావతి చూసింది. చూసి కూడా ఆ మెసేజ్ రాసింది.

అక్కడే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. బుకింగ్ పేజీలో ‘ఏ సందర్భం?’ అన్న ప్రశ్న చేర్చింది. దివసమని ఎంచుకుంటే ఇక ఏ మెసేజూ పోదు. మార్పును యాప్‌లో పెట్టే బటన్ నొక్కేముందు శ్రీకాంత్‌కు ఫోన్ చేసి, ఈరక్క సంగతి చెప్పింది.

“దివసాలకు బుక్ చేసేవాళ్లు ఎంతమందుంటారు నీలూ?”

“మేడగదులు ఎక్కువ వాటికే తీసుకుంటారు.”

“వాళ్లను వదిలేస్తే నంబర్ పడిపోతుంది కదా!”

“పడిపోతాది.”

“ఆగు. ఈ నెల గడవనీ.”

“ఈలోపల ఇంకో ఈరక్కకు పోతాది శ్రీకాంత్.”

“నొక్కావంటే రేపట్నుంచి ఆఫీసుకు రానక్కర్లేదు.”

పక్క బల్ల దగ్గర ఎవరో మజ్జిగ అడుగుతున్నారు. నీలావతి బటన్ నొక్కింది.

అంజనప్పకు విషయం చెప్పింది. “నేనే పోయి ఆయమ్మకు చెప్తా,” అన్నాడు. స్టాండు మాత్రం నిలబెట్టలేదు. ఆమె దాన్ని సంచీలో వేసుకుని హిందూపురం బస్సెక్కింది.

ఆఫీసులో సఫియా ఒక్కతే ఉంది, కస్టమర్ల ఫోన్లు తీసే అమ్మాయి. శ్రీకాంత్ ఆమెకు అప్పుడే చెప్పేశాడు. నీలావతి ల్యాప్‌టాప్ అప్పగించి, సంచీ ఖాళీ చేసి, టిఫిన్ బాక్స్ ఒక్కటే తీసుకుంది.

“అక్కా...” అంది సఫియా. రోజూ సాయంత్రం ‘రేపు తొందరగా రా’ అనే పిల్ల, ఆ మాట మింగేసింది.

రోజూ పోయొస్తానని చెప్పి దిగే నీలావతి, ఇవాళ ఏమీ చెప్పకుండా మెట్లు దిగిపోయింది.

ఆమె బల్ల మీద పంక్తి స్టాండు బోర్లా పడుంది, అంచున తుడవని సాంబారు మరకతో.