ఎక్కువగా మానిన గాయం

తాడిచెట్టు సగం ఎక్కేసరికి లక్ష్మీరాజం ఎడమ పిక్క మళ్లీ పట్టేసింది. నడుముకున్న మోకు మీద వెనక్కి వాలి, కాళ్లు మానుకు ఆనించి, నొప్పి తగ్గేదాకా ఆగాడు. కింద బుగ్గారం పొలాలు పచ్చగా ఉన్నాయి. అతనిది ఉడుము పట్టు. అరవైకి దగ్గరపడ్డా పడుచువాళ్లు అతని తర్వాతే చెట్టు దిగేవారు. కిందటేడు చెట్టు మొదట్లో కల్లు గీసే కత్తి జారి ఎడమ తొడలో రక్తనాళం తెగింది. పక్క చెట్టు మీదున్న, అల్లుడు వరసయ్యే సంపత్ పరుగున దిగివచ్చి తువ్వాలతో బిగించి కట్టకపోతే ఆ రోజే అయిపోయేది. డాక్టర్లు నాళాన్ని కుట్టారు. పైన గాయం చక్కగా మానింది. మరి ఈ నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో అంతుబట్టలేదు.

పైదాకా వెళ్లలేక దిగిపోయాడు. సిగ్గేసింది. భార్య భూమవ్వకు చెప్పకుండానే జగిత్యాల బస్సెక్కాడు.

డాక్టరు సుజాత స్కాన్ తెరను అతని వైపు తిప్పింది.

"కాకా, నాళం తెగినకాడ ఒంట్లనే కొన్ని పదార్థాలు ఊరుతయి. గ్రోత్ ఫ్యాక్టర్లు అంటం. పెరుగుండ్రి, గాయం పూడ్సుండ్రి అని కణాలకు చెప్తయి. అవి లేకుంటే నాళం మానదు. నీకేమో మానినంక గూడ పెరుగుడు ఆగలేదు. గోడ లోపలికి మందమై దారి సన్నగైంది. నడిస్తే సరిపోయే రక్తం, చెట్టెక్కేటప్పుడు సాలుతలేదు."

లక్ష్మీరాజం తెర మీది ఆ సన్నటి దారిని వేలితో చూపించాడు.

"కల్లు కారే గెల గూడ గంతేనమ్మా. దినాం కొస గీయకుంటే మూస్కపోతది. మరి దీన్ని గీయరాదా?"

సుజాత నవ్వింది. "నాళంల చిన్న బెలూను ఉబ్బిచ్చి తెరువొచ్చు. తెరిస్తే అదీ గాయమే గదా, మల్ల గవే ఊరుతయి. మందులిస్త గని, చెట్టు మీద పిక్క పట్టుకుంటే నేనేం జేస్త? ఎక్కుడు బంద్ జెయ్యాలె."

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. తన మేలు కోరి ఇంత పని చేసిన ఒంటిని తిట్టడానికి కూడా అతనికి నోరు రాలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.

సాయంత్రం సంపత్‌ని వెంటబెట్టుకుని తన చెట్లన్నీ చూపించాడు.

"రేపటి సంది నువ్వే గీయి, అల్లుడా."

"కాలు మంచిగైతే మల్ల ఎక్కుతవు గదా, మామా?"

"ఇగ ఎక్కను."

పొద్దున సగంలో దిగిన చెట్టు దగ్గర ఆగాడు. "దీన్ని ఎక్కకు. గెల మూస్కపోనీ. ఒక్కటన్న మంచిగ మాననియ్యి."

లక్ష్మీరాజం ఇంటి దారి పట్టాడు. ఇక భూమవ్వకు చెప్పాలి.

ఆ చెట్టు పైన కమ్మల నడుమ, నిన్న అతను కట్టిన లొట్టి కల్లుతో నిండిపోయి, దించేవాళ్లు లేక నురగ పొంగుతూ వేలాడుతోంది.