ఫోటోలో లేని ఆడవాళ్ళు

మాడిన పాలగిన్నెను సింకులో పెట్టుకుని కనకలత స్టీలు పీచుతో గీకుతోంది. తప్పు తనదే. పాలు స్టవ్ మీద ఉండగా, గదిలోంచి భర్త పిలిచినట్టనిపించి పరిగెత్తింది. రాజగోపాల్ పిలవలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వాన చూస్తున్నాడు. మతిమరుపు జబ్బు ఆయనకొచ్చింది గానీ భయం పట్టుకున్నది ఆవిడకి. తలుపు తీసుకుని రోడ్డెక్కేస్తాడేమో, మాత్రలు రెండుసార్లు మింగేస్తాడేమో, తను కళ్ళు మూసుకున్న కాసేపట్లోనే పోతాడేమో.

కూతురు నీలిమ, ఐర్లండ్‌లో వాళ్ళుండే ఈ కార్క్ ఊరి పక్కనే రింగాస్కిడీలో ఉన్న మందుల ఫ్యాక్టరీకి పొద్దున్నే కారేసుకుని వెళ్ళిపోతుంది. ఆయన స్నానం, గడ్డం, తిండి, తడిసిన పక్కబట్టలు అన్నీ కనకలతవే. "అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే మనిషిని పెట్టుకోవలసి వచ్చేది" అంటాడు అల్లుడు కిశోర్, మెచ్చుకోలుగానే. అంటే నేను మనిషినని ఇతనికి తోచలేదన్నమాట అని ఆవిడ లోపల అనుకుంటుంది. పైకి నవ్వుతుంది.

"అమ్మమ్మా, నమీబియా తెలుసా?" అంది మనవరాలు రిషిత. స్కూల్లో ఇచ్చిన హిస్టరీ ప్రాజెక్టు డైనింగ్ టేబుల్ నిండా పరుచుకుని కూర్చుంది.

"ఎందుకు తెలీదు? ఆఫ్రికాలో కింద, ఎడం పక్క" అంది కనకలత. ఏడో తరగతిలో బడి మాన్పించాక, పప్పులూ బెల్లం కట్టి ఇచ్చిన కాగితాలు చదివి చదువుకున్న మనిషి ఆవిడ. ఇంగ్లీషు కూడా డిక్షనరీ పక్కన పెట్టుకుని అలాగే పట్టింది.

రిషిత చెప్పుకుపోయింది. ఇంగ్లీషు, మధ్యలో నాలుగు తెలుగు ముక్కలు, మాటమాటకీ చివర కార్క్ పిల్లల్లా "లైక్". నూట ఇరవై ఏళ్ళ కిందట ఆ దేశం జర్మన్ చక్రవర్తి ఏలుబడిలో ఉంది. హెరెరో అనే జనం పశువులు మేపుకుని బతికేవాళ్ళు. భూమీ పశువులూ లాక్కుంటే తిరగబడ్డారు. తుపాకీ ఉన్నా లేకపోయినా కనిపించిన ప్రతి హెరెరోనీ కాల్చమని ఓ జనరల్ హుకుం ఇచ్చాడు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎడారిలోకి తరిమి, నీళ్ళ గుంటల దగ్గర కాపలా పెట్టారు. పదిమందిలో ఎనిమిదిమంది దాకా పోయారంటారు. మిగిలినవాళ్ళని ముళ్ళకంచెల వెనక పడేసి పనిచేయించారు.

"అక్కడ చచ్చిపోయినవాళ్ళ తలలు జర్మనీ పంపించారు, అమ్మమ్మా. కొలతలు తీయడానికి. బట్ ఫస్ట్..." రిషిత కాగితం తిప్పి చూసుకుంది. "ఫస్ట్ వాటిని ఉడకబెట్టి, గాజుపెంకులతో గీకి శుభ్రం చేయించారు. హెరెరో ఆడవాళ్ళ చేత. ఇట్స్ సిక్, లైక్."

కనకలత చేతిలో పీచు ఆగిపోయింది.

"ఆ తలలు ఎవరివో వాళ్ళకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది కదా. సేమ్ క్యాంపే."

తడి చేతులు చీరకి తుడుచుకుని వచ్చి ఆవిడ ఆ ఫోటో చూసింది. అప్పట్లో పోస్టుకార్డుగా అచ్చేసి అమ్మారట. యూనిఫాంలో సిపాయిలు, చెక్కపెట్టె, పెట్టెలోకి సర్దుతున్న పుర్రెలు. కింద జర్మన్‌లో ఏదో రాసి ఉంది. గాజుపెంకులతో ఆడవాళ్ళు శుభ్రం చేశారన్న సంగతి అందులోనే ఉందని చెప్పింది రిషిత.

"మరి వాళ్ళేరీ?"

"హూ?"

"గీకినవాళ్ళు."

రిషిత ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూసింది. "నో, వాళ్ళు లేరు." వందేళ్ళు దాటాక కొన్ని పుర్రెల్ని తిరిగి ఇచ్చారనీ, ఏది ఎవరిదో పేర్లు మాత్రం ఎవరి దగ్గరా లేవనీ చెప్పింది. "శుక్రవారం ఇవ్వాలి అమ్మమ్మా. ఫోటో కింద నేనేం రాయను?"

"ఇందులో ఆడవాళ్ళు లేరని రాయి" అంది కనకలత. వెళ్ళి మళ్ళీ గిన్నె అందుకుంది.

ఎక్కడి సంగతి, ఎక్కడి నేను అని తనని తాను తిట్టుకుంది. అంత ఘోరం ముందు పెట్టుకుని నీ ముచ్చట తలుచుకోవడానికి సిగ్గుండాలి. కానీ మరిగే నీళ్ళ మాట విన్న మనసు చెప్పిన మాట వినలేదు. నలభై ఆరేళ్ళ కిందట పెరట్లో కాగు కింద ఆవిడే మంట పెట్టింది. తొలిచూలు ఆడపిల్ల పందొమ్మిదో రోజున పోయింది. ఇరవయ్యొకటో రోజున బారసాల చేద్దామనుకున్నారు, అందుకని పేరు కూడా లేదు. సాయంత్రం మామగారూ రాజగోపాలూ తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు వాకిలి దాటకూడదన్నారు. మర్నాడు అత్తగారు పొత్తిగుడ్డలన్నీ మూట కట్టి తెచ్చి ముందు పడేసింది. "ఊరికే కూర్చుంటే ఏడుపే వస్తుంది. కాగులో వేసి ఉడకబెట్టు. వాసన పోయేదాకా ఉతుకు. జయశ్రీ పురిటికి పనికొస్తాయి." జయశ్రీ ఆడపడుచు. రవిక పాలతో తడుస్తూ ఉండగా కనకలత ఉడకబెట్టింది, బండ మీద బాదింది, పిల్ల వాసన తన చేత్తోనే పోగొట్టి, మడతలు పెట్టి ఇచ్చింది. "చక్కగా తెల్లగా వచ్చాయే" అంది జయశ్రీ.

ఎక్కడ పూడ్చారని ఆవిడ అడుగుతూనే ఉంది. మొదటి ఏడాది ఏడుస్తూ అడిగింది. నీలిమ పుట్టాక మెల్లిగా అడిగింది. మామగారు పోయినప్పుడు ఇంక తెలిసినవాడు ఈయనొక్కడే కదా అని అడిగింది. ప్రతిసారీ ఒకటే జవాబు. "చెప్తే పోయి అక్కడే కూర్చుంటావు. వదిలెయ్." మనిషి రాయి అనుకుంది. ఇప్పుడు ఆ రాయి కూడా రోజుకింత కరిగిపోతోంది. అసలు భయం అది. మొన్న కూతురి పేరు మర్చిపోయాడు. రేపు ఇదీ పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర గడ్డం గీస్తుంటే ఆయన తేటగా ఉన్నాడు. తమ ఊళ్ళో లాకుల సంగతీ, కాలవకి నీళ్ళు వదిలే రోజులూ చెబుతున్నాడు. ఆవిడ గీయడం ఆపింది.

"ఏవండీ, పాపని ఎక్కడ పెట్టారు?"

"ఏ పాప?"

"మన పాప. పందొమ్మిది రోజులది. మీరూ మామయ్యగారూ తీసుకెళ్ళారే."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. చెంప మీద సబ్బునురుగు ఆరిపోతోంది.

"నాన్న నన్ను రానివ్వలేదే. నువ్వు ఏడుస్తావురా, ఇక్కడే ఉండు అన్నాడు. లాకుల దగ్గర బడ్డీలో టీ తాగుతూ కూర్చున్నా. ఆయనొక్కడే వెళ్ళి, కాలవలో చేతులు కడుక్కుని వచ్చాడు."

"మరి ఇన్నేళ్ళూ అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"తెలీదని ఎలా చెప్తానే?" అన్నాడు, అందులో అడగడానికేముందన్నట్టు. "మొగుణ్ణి కదా."

కిటికీ వైపు తిరిగి, "అయిందా? టీ ఇయ్యి" అన్నాడు.

రెండో చెంప మిగిలి ఉంది. కనకలత దాన్ని కూడా గీసింది. ఎక్కడా తెగలేదు. తువ్వాలు తడిపి మొహం తుడిచింది. టీ పెట్టి, చల్లార్చి, చేతికిచ్చింది. పాలు మాడలేదు.

గురువారం నర్సు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకోవడానికి వారానికి కొన్ని గంటలు సాయం పంపుతారట, దానికి ఫారం నింపాలి. నీలిమ సెలవు పెట్టి పక్కన కూర్చుంది. నర్సు నవ్వుమొహం మనిషి. ఆయన పుట్టిన తేదీ అడిగింది, మాత్రలు అడిగింది, ప్రతి జవాబుకీ "గ్రాండ్, గ్రాండ్" అంటూ రాసుకుంది.

"పిల్లలెంతమంది?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నేనొక్కదాన్నే" అంది నీలిమ.

"టూ" అంది కనకలత.

నీలిమ ఇటు తిరిగింది. "అమ్మా, ఏంటి?"

"ఇద్దరు ఆడపిల్లలు. రాసుకోమను."

నర్సు ఒకటి కొట్టేసి రెండు వేసింది. "గ్రాండ్. మరి రెండో అమ్మాయి ఎక్కడుంటుంది?" అంది, వాన గురించి అడిగినంత మామూలుగా.

నలభై ఆరేళ్ళు తను అడిగిన ప్రశ్న. తనని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కిటికీ దగ్గర రాజగోపాల్ నున్నటి గడ్డం సవరించుకుంటూ వాన చూస్తున్నాడు.

"తెలీదు" అంది కనకలత. "అదే రాయండి."