రేపటి చప్పుడు

తెల్లారితే ఉనా పని ఒకటే. రికార్డరు మెడలో వేసుకుని, లోయలో ఎవరేం మాట్లాడినా పట్టుకొచ్చి మధ్యాహ్నం వార్తల్లో వినిపించడం. హైలాండ్స్ కొండల్లోని ఆ చిన్న రేడియోకి విలేకరి ఆమె ఒక్కతే. పట్టుకొచ్చిన మాటల చివర ఇంకా జరగని మర్నాటి చప్పుడు కొంచెం అంటుకుని వచ్చేది. పడవలవాళ్లు గాలి సంగతి వినడానికి వచ్చేవారు. పాస్టరు తన ఆదివారం ప్రసంగం శనివారమే విని, ఆవలించి, మర్నాడు అదే చెప్పేవాడు.

ఆ చలికాలం వార్తంతా దుప్పులదే. మందలు పెరిగిపోయి కొండ మీద మొక్కనేదాన్ని బతకనివ్వడం లేదు. మేత చాలక మంచులో అవే చచ్చిపోతున్నాయి. కొన్నిటిని కాల్చి తగ్గించాలన్నారు. ఊరు రెండుగా చీలింది. ఆ కాల్చే పని చేసే ముర్డోని ఉనా కొండ మీదే మాట్లాడించింది.

"బాధ ఉండదంటున్నారు. నిజమేనా?"

"ఒక్క తూటా, అమ్మాయ్. తలెత్తి చూసేలోపే అయిపోతుంది. అలా కుదరదనుకుంటే నేను ట్రిగ్గరు నొక్కను."

స్టేషనుకొచ్చి పెట్టుకుని వింది. ముర్డో మాట ఆగింది. గాలి. తుపాకీ పేలింది. రాళ్ల మీద బూట్లు పరుగెత్తాయి. ఆ తర్వాత ముర్డో గొంతు, మనిషి గొంతులా లేదు.

"ఎఫీ!"

ఎఫీ అతని భార్య.

ఉనా ఆ ముక్క ప్రసారం చెయ్యలేదు. తిన్నగా వాళ్లింటికెళ్లి ఇద్దరికీ వినిపించింది. పెనం మీద రొట్టె తిప్పుతున్న ఎఫీ చెయ్యి ఆగిపోయింది.

"నాకు కొండ మీద పనేంటి? ఈ మోకాళ్లు మెట్లే ఎక్కనివ్వవు."

"రేపు మానేయండి, ముర్డో," అంది ఉనా.

"మానేస్తే పట్నం నుంచి ఎవడో వస్తాడు. కడుపులో కాల్చి, గిలగిల కొట్టుకుంటుంటే వదిలేసి పోతాడు." ముర్డో ముఖం సున్నం కొట్టినట్టుంది. "ఇది ఇల్లు కదలకపోతే చాలు."

పొద్దున బయల్దేరుతూ ఎఫీని లోపలుంచి తాళం వేశాడు. రెండుసార్లు లాగి చూశాడు. ఉనా అతని వెంటే కొండెక్కింది.

పైన పొగమంచు. పొదల వెనక గోధుమరంగు వీపొకటి కదిలింది. ముర్డో బోర్లా పడుకుని గురి చూశాడు.

"ఆడ దుప్పి," అని గొణిగాడు. "దుప్పే కదా? తాళం వేశాను కదా?"

"వేశారు. నేను చూశాను."

వేలు బిగుసుకుంది. సరిగ్గా అప్పుడే, నిన్న వంటింట్లో విన్న తన కేక చెవిలో మోగింది. భుజం అదిరింది. తుపాకీ పేలింది.

అతను లేచి రాళ్ల మీద పరుగెత్తాడు. గోధుమరంగు వీపు మెల్లగా ఇటు తిరిగింది. అది అతని పాత కోటు.

"ఎఫీ!"

"అరవకు, బతికే ఉన్నాను." ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. తూటా ఆమె కాలి పక్కన బురదలో దిగి గుంట చేసింది. "కిటికీలోంచి దిగాను. దుప్పనుకుని ఎవర్నో చంపేసి నాకోసం అరుస్తావేమోనని, లోపల కూర్చుంటే ఊపిరాడలేదు. పేలకముందే ఆపుదామని మోకాళ్లీడ్చుకుంటూ అడ్డదారిన వచ్చాను."

ముర్డో ఆమె కోటు చెయ్యి పట్టుకున్నాడు. అతను పడేసిన తుపాకీని ఉనాయే మోసుకొచ్చింది. కొండ దిగేంతసేపూ అతను ఎఫీ కోటు చెయ్యి వదల్లేదు. ఇల్లు చేరాక కూడా వదల్లేదు. ఎఫీ ఒంటిచేత్తోనే పొయ్యి వెలిగించి ముగ్గురికీ టీ పెట్టింది.